ఏ బైబిల్లో?

మా నాయనమ్మ పోయి ఏడాదైన రోజున గుంటూరు కొత్తపేటలో బాబాయి వాళ్లింట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది, అయ్యగారు వాక్యం చెప్పి, భోంచేసి, ఇంకో కూడిక ఉందని బండెక్కి వెళ్లిపోయారు. అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. గుణదల నుంచి వచ్చిన మా కాథలిక్ దొడ్డమ్మ, అంటే మా అమ్మ వాళ్లక్క, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంటూ, "మొన్న ఆదివారం మీ అమ్మగారి ఆత్మశాంతికి మా గుళ్లో పూజ చెప్పించాను మరిదిగారూ" అంది. మంచి మాటే అనుకుని చెప్పింది పాపం. మా బాబాయి లూథరన్ గుళ్లో సంఘ పెద్ద. ఆయన మర్యాదగానే, కానీ ఊరుకోకుండా, "చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చెయ్యమని బైబిల్లో ఎక్కడుంది వదినగారూ?" అన్నాడు.

దొడ్డమ్మ ఏమీ అనలేదు. సంచిలోంచి పాలిథిన్ కవర్లో చుట్టిన బైబిలు తీసి, మక్కబీయుల రెండో గ్రంథం పన్నెండో అధ్యాయం తెరిచి ఆయన ముందు పెట్టింది. యుద్ధంలో పడిపోయినవాళ్ల పాపం కోసం యూదా మక్కబీ అనే సేనాని చందాలు పోగేసి, యెరూషలేములో బలి అర్పించమని పంపిన ఘట్టం అది. బాబాయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బైబిల్లోది కాదుగా" అన్నాడు. "ఏ బైబిల్లోది కాదు?" అంది దొడ్డమ్మ.

నాకు తెలిసి మన క్రైస్తవుల ఇళ్లలో జరిగే వాదనల్లో సగం ఆ ఒక్క ప్రశ్న దగ్గర తెగుతాయి, లేదా అక్కడే ముడిపడతాయి. అందుకే రాస్తున్నాను.

రెండు బైబిళ్లూ టీపాయ్ మీద పక్కపక్కన పెట్టి విషయసూచికలు తెరిచాం. దొడ్డమ్మ వేలు ఒకదాని మీద, బాబాయి వేలు ఇంకోదాని మీద. ఆదికాండము దగ్గర బయల్దేరిన రెండు వేళ్లూ కొంతదూరం జంటగా నడిచి, పాత నిబంధన సగంలో విడిపోయాయి. బాబాయి దాంట్లో పాత నిబంధన 39 పుస్తకాలు, దొడ్డమ్మ దాంట్లో 46. కొత్త నిబంధన ఇద్దరికీ 27. మొత్తం ఇటు 66, అటు 73. ఎక్కువున్న ఏడూ తోబితు, యూదితు, మక్కబీయులు రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా జ్ఞానగ్రంథం, బారూకు. ఎస్తేరు, దానియేలు గ్రంథాల్లో కూడా కొన్ని భాగాలు ఎక్కువుంటాయి.

"మీరు కలిపారు" అని ఒకరు, "మీరు తీసేశారు" అని ఒకరు. రెండూ పూర్తిగా నిజం కావు. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నుంచి, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా వైపు స్థిరపడ్డ యూదులు తమ లేఖనాల్ని గ్రీకులోకి తెచ్చుకోవడం మొదలుపెట్టారు, ఎందుకంటే పిల్లలకు హీబ్రూ రావడం మానేసింది. (హైదరాబాద్ పోయి స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలకు తెలుగు చదవడం రాదే, అచ్చం అలాగే.) దాన్ని సెప్టువజింట్ అంటారు. గ్రీకు మాట్లాడే తొలి క్రైస్తవులకు పాత నిబంధన అంటే అదే, కొత్త నిబంధన రచయితలు ఎక్కువసార్లు ఎత్తి చెప్పిందీ దాని పాఠమే. ఆ గ్రీకు లేఖనాలతో పాటు ఈ తోబితు, యూదితు వగైరా కూడా చెలామణిలో ఉండేవి. కానీ అప్పట్లో పుస్తకమంటే విడివిడి చుట్టలు, ఒక అట్ట మధ్య కుట్టిన వస్తువు కాదు. కాబట్టి "లోపల" ఏది "బయట" ఏది అన్న గీత అంత గట్టిగా లేదు. తర్వాత యూదులు హీబ్రూ గ్రంథాల దగ్గరే గీత గీసుకున్నారు. వాళ్ల లెక్కలో అవి 24, విడదీసి లెక్కపెడితే మన 39.

నాలుగో శతాబ్దం చివర బేత్లెహేములో కూర్చుని బైబిల్ని లాటిన్లోకి తెచ్చిన జెరోము హీబ్రూలో ఉన్నవే ప్రమాణం అన్నాడు. ఆయన సమకాలికుడు, బిషప్ అగస్టీను మాత్రం అలా కాదు, సంఘాలు చదువుతున్నవన్నీ లెక్కే అన్నాడు. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరూ ఒకే సంఘంవాళ్లే, ఆ తేడాతోనే వెయ్యేళ్లకు పైగా గడిచిపోయింది. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు వచ్చి 1534లో జర్మన్ బైబిలు మొత్తం అచ్చువేసినప్పుడు ఆ పుస్తకాల్ని తీసిపారెయ్యలేదు. పాత, కొత్త నిబంధనల మధ్య విడిగా పెట్టి, ఇవి పరిశుద్ధ లేఖనాలతో సమానం కావు గానీ చదవడానికి మంచివి, ఉపయోగకరం అని పైన రాశాడు. ఈ మాట చెబితే బాబాయి మొహం చూడాలి. కాథలిక్కులు 1546 ఏప్రిల్ 8న ట్రెంట్ సభలో, అప్పటిదాకా చదువుకుంటున్నవాటికే అధికారికంగా ముద్ర వేశారు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో కూడా ఈ పుస్తకాలున్నాయి.

మరి మన ఇళ్లలోంచి ఎలా పోయాయి? అచ్చు ఖర్చు, పట్టుదల రెండూ కలిసి. దేశదేశాల భాషల్లో బైబిళ్లు వేయించే బ్రిటిష్ బైబిల్ సొసైటీ పెద్ద తగాదా పడి, చివరికి 1826లో ఆ పుస్తకాలకు పైసా ఇవ్వం అని తీర్మానించింది. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న. అంటే మా తాతముత్తాతల చేతికి తెలుగు బైబిలు వచ్చేసరికే ఆ పేజీలు లేవు, చింపిన గుర్తు కూడా లేదు. బాబాయి దృష్టిలో అవి "కలిపినవి" ఎందుకయ్యాయో అర్థమైంది కదా.

కొత్త నిబంధన 27 విషయంలో అందరూ ఒకటే గానీ అదీ ఒక్కరోజులో తేలలేదు. హెబ్రీయులకు రాసిన పత్రిక మీద పడమటివాళ్లకు అనుమానం, ప్రకటన గ్రంథం మీద తూర్పువాళ్లకు అనుమానం. ఇప్పుడున్న 27 పేర్లు అచ్చంగా అవే ఉన్న తొలి జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియు 367లో పండుగ ఉత్తరంలో రాసింది. బైబిలు పుస్తకాల్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో బిషప్పులు కూడిన నైసియా సభలో ఓట్లు వేయించి ఎంపిక చేశాడన్న కథ వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. అది తప్పు. నైసియాలో తేల్చినవి వేరే సంగతులు, పుస్తకాల జాబితా కాదు.

ఇక్కడ బాబాయి తన బ్రహ్మాస్త్రం తీశాడు. తిమోతికి రాసిన రెండో పత్రిక, మూడో అధ్యాయం, పదహారో వచనం: "దైవావేశమువలన కలిగిన ప్రతిలేఖనము" ఉపదేశానికీ ఖండనకూ తప్పు దిద్దడానికీ పనికొస్తుందని. మంచి వచనమే. కానీ కొంచెం ఆగి చూడండి. పౌలు ఆ మాట రాసేటప్పుడు "లేఖనం" అన్నది వేటిని? పై వచనంలోనే ఉంది, బాల్యం నుంచి నీవెరిగిన లేఖనాలు అని. తిమోతి చిన్నప్పుడు కొత్త నిబంధన ఎక్కడిది? తండ్రి గ్రీకువాడు, తల్లి యూదురాలు, గ్రీకు మాట్లాడే ఊళ్లో పెరిగాడు. ఆ ఇంట్లో చదివింది గ్రీకు లేఖనాలే అయ్యుండాలని పండితులు అంటారు. జాబితా మాత్రం ఆ వచనంలో లేదు. బైబిల్లో ఏ ఏ పుస్తకాలు ఉండాలో చెప్పే వచనం బైబిల్లో ఎక్కడా లేదు. విషయసూచికకు వచనం నంబరు ఉండదు.

ఇంకోటి, ఆ "దైవావేశం" అన్న మాట. గ్రీకులో ఉన్నదానికి దగ్గరి అర్థం "దేవుడు ఊపిరి ఊదినది" అని. తెలుగులో ఆవేశం అనగానే మనకు గుర్తొచ్చేది కోపమో, పూనకమో. దాంతో చాలామంది, దేవుడు మోషేనో పౌలునో పూని చెయ్యి కదిలిస్తే కలం దానంతటదే రాసుకుపోయిందని అనుకుంటారు. చరిత్రలో ప్రధాన సంఘాలు చెబుతూ వచ్చింది అది కాదు. రాసినవాడి బుద్ధి, భాష, జ్ఞాపకం, పరిశోధన అన్నీ పనిచేస్తుండగానే దేవుడు తాను చెప్పదలుచుకున్నది చెప్పించాడు అన్నది. లూకా తన సువార్త మొదట్లోనే థెయొఫిలతో చెబుతాడు, మొదటి నుంచీ అన్నీ విచారించి వరసగా రాస్తున్నాను అని. పూనకం వచ్చినవాడు విచారణ చెయ్యడు కదా. అదే తిమోతి పత్రికలో, దైవావేశం మాట దాటి ఒక్క పేజీ తిప్పండి. త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసి వచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు, వచ్చేటప్పుడు పట్టుకురమ్మంటాడు పౌలు. చలికాలం ముందే వచ్చెయ్యమని కూడా రాస్తాడు. జైల్లో చలి. నాకు ఆ అంగీ వచనం చదివినప్పుడల్లా మిగతా పత్రిక మీద నమ్మకం పెరుగుతుంది, ఎందుకో చెప్పలేను. ఎంతవరకు తప్పు లేనిది, చరిత్ర విషయాల్లో కూడానా, రక్షణ విషయంలో మాత్రమేనా అన్నదాని మీద సంఘాలు ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి, అది వేరే వ్యాసం.

సరే, ఇంతసేపూ మా అన్నయ్య, అంటే ఆ బాబాయి కొడుకే, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వాడు నాలుగేళ్ల కింద "యేసు నామం" సంఘంలో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చింది చెల్లదని, అపొస్తలుల కార్యములు 2:38లో ఉన్నట్టు యేసుక్రీస్తు నామంలోనే ఇవ్వాలని వాళ్ల బోధ. దేవుడు ఒక్కడే, ఆయనే యేసు, తండ్రి అన్నా ఆత్మ అన్నా ఆ ఒక్కడి పేర్లే అంటారు. వాడు తల ఎత్తి, "నాన్నా, బైబిల్లో ఎక్కడుంది అని దొడ్డమ్మని అడుగుతున్నావుగా. త్రిత్వం అన్న మాట బైబిల్లో ఎక్కడుందో నువ్వు చూపించు" అన్నాడు.

దొడ్డమ్మ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అన్న బోధే త్రిత్వం. ఆ మాట బైబిల్లో లేదు, వాడన్నది నిజమే. బాబాయి తడుముకోకుండా ఆ గ్లాసే అందుకుని, సండే స్కూల్లో పిల్లలకు చెప్పే ఉదాహరణ చెప్పాడు. నీళ్లున్నాయి, ఫ్రిజ్‌లో పెడితే ఐసు, పొయ్యి మీద పెడితే ఆవిరి, మూడూ నీళ్లే కదా, త్రిత్వం అలాంటిది అని. అన్నయ్య చప్పట్లు కొట్టినంత పని చేసి, "నేను చెప్పేదీ అదేగా! ఒక్కడే, మూడు రూపాలు!" అన్నాడు.

వాడే గెలిచాడు, ఆ ఉదాహరణ వరకు. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనిపిస్తాడన్న బోధ మూడో శతాబ్దంలో రోములో సబెల్లియు పేరు మీద నడిచింది, సంఘం దాన్ని కాదంది. కాదనడానికి కారణం సువార్తల్లోనే ఉంది. యేసు యొర్దానులో మునిగి లేచినప్పుడు కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగుతోంది, పైనుంచి తండ్రి స్వరం. ముగ్గురూ ఒకే నిమిషంలో. ఒకే గ్లాసులో నీళ్లు ఒకేసారి ఐసూ ఆవిరీ నీళ్లూగా ఉండవు. దీనికి అన్నయ్య వాళ్ల జవాబు, దేవుడు అంతటా ఉండగలడు కాబట్టి ఒకేసారి మూడు చోట్ల కనిపించగలడు అని. అయితే గెత్సేమనేలో "నా చిత్తం కాదు, నీ చిత్తం" అని ఎవరు ఎవరితో అన్నట్టు? మానవ స్వభావం దైవంతో అన్నది అంటారు. నాకది ఆనదు, కానీ వాళ్లు ఆలోచించకుండా మాట్లాడేవాళ్లు మాత్రం కాదు.

మారేడు దళం ఉదాహరణ కూడా పనిచెయ్యదు. మూడు రేకులు కలిస్తే ఒక దళం, అంటే ఒక్కో రేకు మూడో వంతు. తండ్రి మూడో వంతు దేవుడు అని ఏ సంఘమూ అనదు. మా వీధిలో వాళ్లు అనుకున్నట్టు బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్లాగా పని పంపకమూ కాదు. సృష్టి తండ్రిదే అనుకుంటే, కలిగినదేదీ వాక్యం, అంటే కుమారుడు, లేకుండా కలగలేదని యోహాను మొదటి అధ్యాయం అంటుంది.

విచిత్రం ఏమిటంటే, ఈ చిక్కు విప్పడానికి ఇంగ్లీషు కంటే తెలుగు నయం. యోహాను 10:30లో యేసు "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అంటాడు. ఇంగ్లీషులో అక్కడ వన్ అని ఒక్కటే మాట, ఏ వన్నో తెలీదు. గ్రీకులో ఉన్నది నపుంసక లింగం. మన భాషలో చెప్పాలంటే "ఒకడు" కాదు, "ఒకటి". మనకు ఆ తేడా ఐదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. మూడు కుర్చీలు అంటాం, ముగ్గురు మనుషులు అంటాం. ఎవరు అని అడిగితే ముగ్గురు, ఏమిటి అని అడిగితే ఒకటి. త్రిత్వంలో సంఘం చెప్పేది, రుజువు చెయ్యలేనిదే అయినా, తప్పులేకుండా చెప్పగలిగింది ఇంతే. "తండ్రీ నేనూ ఒకడే" అని ఉంటే అన్నయ్య గెలిచేవాడు.

కాకపోతే "వ్యక్తి" అన్న మాటతో తిప్పలొస్తాయి. ముగ్గురు వ్యక్తులు అనగానే మూడు ఆధార్ కార్డులు కళ్లముందుకొస్తాయి. ఈ తిప్పలు కొత్తవేం కాదు, అగస్టీనే ఒప్పుకున్నాడు: ముగ్గురు వ్యక్తులు అంటున్నది అది సరిపోతుందని కాదు, ఏమీ అనకుండా ఉండలేక అని. పరిశుద్ధాత్మ సంగతీ చూడండి. ఆత్మ అంటే తెలుగులో "అది". గ్రీకు మాటా నపుంసకమే. కానీ యోహాను 16:13లో "ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ" అని ఉంటుంది, గ్రీకులో పుంలింగ సర్వనామం పడ్డ చోట మన అనువాదకులు "ఆయన" అని గౌరవంగా మోసుకొచ్చారు.

అన్నయ్య ఈలోగా ఫోన్లో ఇంగ్లీషు బైబిలు తీశాడు. కింగ్ జేమ్స్‌లో యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో, పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్లు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒకటే అని ఉంది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది, "ఇదిగో!" అన్నాడు. తన తెలుగు బైబిలు తిప్పి చూస్తే అక్కడ ఉన్నది ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే. మళ్లీ చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. లేదు. పాత గ్రీకు ప్రతుల్లో ఆ వాక్యం లేదు. లాటిన్ ప్రతుల దారిలో వచ్చి చేరింది. ఎరాస్మసు అనే పండితుడు గ్రీకు కొత్త నిబంధనను 1516లో, 1519లో అచ్చువేసినప్పుడు దాన్ని పెట్టలేదు, ఒత్తిడి వచ్చాక 1522లో పెట్టాడు, అక్కడినుంచి కింగ్ జేమ్స్‌లోకి. మన తెలుగు బైబిలు ఆ వాక్యాన్ని పక్కనపెట్టిన పాఠాన్ని పట్టుకుంది. త్రిత్వానికి అన్నిటికంటే సూటి వచనం అనుకున్నది అసలుది కాదు. అయినా త్రిత్వం దాని మీద నిలబడలేదు, ఎందుకంటే నైసియా వాదాల్లో ఆ వచనాన్ని ఎవరూ సాక్ష్యంగా తేలేదు.

నైసియాలో జరిగింది, కొంచెం తేడాతో, మా ఇంట్లో జరిగిందే. అలెగ్జాండ్రియాలో అరియు అనే సంఘ పెద్ద ఒకాయన, కుమారుడు గొప్పవాడే, అన్నిటికంటే ముందు కలిగినవాడే, కానీ కలిగినవాడే, ఆయన లేనప్పుడు అంటూ ఒకటుంది అన్నాడు. ఆ వాదాన్ని పాటలు కట్టి ఓడ పనివాళ్లచేత, తిరగలి తిప్పేవాళ్లచేత పాడించాడని పాత చరిత్రలో ఉంది. ఆయనకు వచనాలు లేక కాదు. సామెతలు 8:22లో జ్ఞానం "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది. మన తెలుగు బైబిలు ఇక్కడ అరియు చదివిన గ్రీకు పాఠానికే దగ్గరగా ఉంది సుమా. 325లో సుమారు మూడొందల మంది బిషప్పులు కూర్చున్నప్పుడు ఏ బైబిలు మాట పెట్టినా అరియు వైపువాళ్లు దానికి తమ అర్థం చెప్పుకుని తలూపుతున్నారు. చివరికి బైబిల్లో లేని ఒక గ్రీకు మాట తెచ్చి పెట్టారు: తండ్రితో "ఏకతత్వం" గలవాడు. వెంటనే వచ్చిన అభ్యంతరం ఏమిటనుకున్నారు? ఈ మాట లేఖనాల్లో ఎక్కడుంది అని! మాట లేదు, లేఖనాల భావం అదే అని అతనాసియు జవాబు. ఆ జవాబు పట్టుకున్నందుకు ఆయన ఐదుసార్లు దేశం విడిచి పోవాల్సొచ్చింది. సభ ముగియగానే అందరూ ఒప్పేసుకున్నారని అనుకోకండి, ఇంకో యాభై ఏళ్లు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా లాగింది.

నేను ఇదంతా బాబాయికి చెప్పాను, ఇంత వరసగా కాదు, మధ్యలో టీలు, ఫోన్లు, పిన్ని విసుక్కోవడాలు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. త్రిత్వాన్ని నువ్వు నమ్మేది ఆ మాట బైబిల్లో ఉందని కాదు బాబాయ్, బైబిలంతా కలిపి చదివి మన ముందువాళ్లు తేల్చింది కాబట్టి. 66 అన్న లెక్కా అంతే, 73 అన్న లెక్కా అంతే. దొడ్డమ్మని అడిగిన ప్రశ్న నిన్నూ అడగొచ్చు, అన్నయ్యనీ అడగొచ్చు, ఎందుకంటే యేసు నామం వాళ్ల 66 కూడా వచనంలోంచి రాలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే పూజ చెప్పించడం కరెక్టంటావా?" అన్నాడు. అనను. నేను ఆయన గుళ్లో పెరిగినవాణ్ణే, ఆ విషయంలో నాకు ఆయన అభిప్రాయమే. కాకపోతే "బైబిల్లో లేదు" అని ఇక అనలేను, "నా బైబిల్లో లేదు, ఎందుకు లేదో ఇదిగో" అని పెద్ద వాక్యం చెప్పాలి. అది నోరు తిరగదు.

సాయంత్రం దొడ్డమ్మని బస్టాండులో దించడానికి కారులో ముగ్గురం వెళ్లాం. విజయవాడ బస్సు కదలడానికి ఇంకా టైముంది. లూథరు తోబితు కథని చక్కటి కామెడీ అన్నాడని నేను చెప్పింది బాబాయికి గుర్తుండిపోయినట్టుంది, కిటికీ దగ్గర నిలబడి, "వదినగారూ, ఆ తోబితు కథలో ఒక కుక్క ఉంటుందటగా?" అన్నాడు.

"ఉంటుంది. పిల్లాడు ప్రయాణం పోతుంటే వెనకాలే వెళ్తుంది."

"తర్వాత ఏమవుతుంది?"

"వెనక్కి వస్తుంది" అని దొడ్డమ్మ పాలిథిన్ కవరు విప్పి, బైబిలు కిటికీలోంచి ఆయన చేతికిచ్చింది. "ఫిబ్రవరిలో తిరనాళ్లకి వచ్చేటప్పుడు పట్టుకురండి. కవరు పారెయ్యకండి."